డిష్‌వాషర్‌కు ఆగే బోళ్లు ఏవి: 70 ట్రిప్పుల ప్రాజెక్టు డైరీ

నల్లగొండలో ఒక ఇంటి వంటింటి నుంచి 14 రకాల బోళ్లను తీసి, 70 ట్రిప్పులు డిష్‌వాషర్‌లో వేసి, ఏది ఎన్నో ట్రిప్పుకు ఎక్కడ పాడైందో రాసిపెట్టిన లెక్క ఇది. అన్నీ వండి, వడ్డించి, ఎంగిలితో వేసినవే. ఖాళీ గిన్నెలు తిప్పితే జిడ్డు లేక పౌడరు ఘాటంతా లోహం మీదే పడుతుంది, ఫలితం తప్పుగా వస్తుంది.

మెషిన్ 13 సెట్లది, అంటే 13 మంది తిన్న పళ్లేలు, గిన్నెలు పట్టేది. ట్రిప్పుకు 10 లీటర్ల దాకా నీళ్లు తాగుతుంది. కొలతలకు వాడినవి: ఒక గ్రాము దాకా చూపే వంటింటి కాటా, నీళ్ల కాఠిన్యం చూసే చుక్కల కిట్టు, నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు, అయస్కాంతం, భూతద్దం, కుట్టుసూది, దూది, తెల్ల గుడ్డ. కొన్న వాటికంటే ఇంట్లో దొరికిన సూదీ దూదే ఎక్కువ పనికొచ్చాయి.

లాట్‌లో ఉన్నవి:

1. సిల్వర్ బగోన (అంగట్లో సిల్వర్ అన్నా, ఊళ్లో సత్తు అన్నా అది అల్యూమినియమే)
2. సిల్వర్ ఇడ్లీ ప్లేట్లు
3. హార్డ్ ఆనోడైజ్డ్ కడాయి
4. నాన్‌స్టిక్ దోసె పెనం
5. జొన్నరొట్టెల పోత ఇనుము పెంక
6. కిలో లెక్కన కొన్న పలుచటి స్టీలు గిన్నె
7. 304 రకం స్టీలు గిన్నె
8. ట్రైప్లై (మూడు పొరల) కడాయి, అంచు కోసినట్టు ఉన్నది
9. ట్రైప్లై గంజు, అంచు మూసినది
10. అడుగున మందం బిళ్ల ఉన్న చాయ గిన్నె, బేకలైట్ పిడి
11. స్టీలు ప్రెషర్ కుక్కర్
12. రాగి అడుగు స్టీలు గిన్నె
13. లోపల కళాయి పూసిన ఇత్తడి గిన్నె
14. స్టీలు పట్టీ ఉన్న గాజు మూత

దశ 0: నీళ్లు

నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ మాటే వస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ల పద్ధతికి పేరే నల్లగొండ టెక్నిక్. కానీ డిష్‌వాషర్‌ను సతాయించేది ఫ్లోరైడ్ కాదు, కాల్షియం, మెగ్నీషియం. అంటే కాఠిన్యం. బకెట్ అడుగున తెల్లగా పేరుకునే చవుడు అదే.

కొలిచిన తీరు:

1. చిన్న సీసాలో గీత దాకా నీళ్లు పట్టి, రంగు మందు వెయ్యాలి. నీళ్లు అల్లనేరేడు రసం రంగుకొస్తాయి.
2. రెండో మందు చుక్క చుక్కగా వేస్తూ, ప్రతి చుక్కకూ సీసా ఊపాలి.
3. ఎర్రటి జాడ పూర్తిగా పోయి నీలం తేలిన చుక్క దగ్గర ఆపి, చుక్కల లెక్క రాసుకోవాలి. ఊదా రంగు దగ్గర ఆపితే ఒకటి రెండు చుక్కలు తక్కువ పడతాయి.

మా కిట్టులో ఒక చుక్కంటే లీటరుకు 25 మిల్లీగ్రాములు. బోరు నీళ్లకు 21 చుక్కలు పట్టింది, అంటే 525. భగీరథ నల్లా నీళ్లకు 7 చుక్కలు, 175. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో కాఠిన్యానికి 200 మంచిదని, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చని ఉంటుంది. ఆ లెక్కన మా బోరు పాసే. మెషిన్ దగ్గర మాత్రం ఫెయిల్.

మెషిన్ పుస్తకాల్లో కాఠిన్యం జర్మన్ డిగ్రీల్లో ఉంటుంది. మిల్లీగ్రాముల అంకెను 17.8తో భాగిస్తే చాలు. బోరు 29.5, నల్లా 9.8.

టీడీఎస్ మీటరు బోరుకు 1,150, నల్లాకు 340 చూపింది. ఈ అంకెలతో మెషిన్ సెట్ చేయొద్దు. టీడీఎస్‌లో మామూలు ఉప్పు కూడా కలిసే ఉంటుంది, అందులో కాల్షియం ఎంతో ఆ మీటరుకు తెలియదు. ఆర్వో ఫిల్టరు నుంచి బయటికి పోయే నీళ్లను పొదుపు కోసం మెషిన్‌కు పట్టడం ఇంకా తప్పు. ఫిల్టరు వడకట్టిన చవుడంతా వాటిలోనే చేరుతుంది.

దశ 1: ట్రిప్పు 1 నుంచి 10 (లెక్కలోంచి తీసేసినవి)

ఈ పది ట్రిప్పులూ దండగ. తప్పులు రెండు.

మొదటిది ఉప్పు. మెషిన్‌లో నీళ్ల కాఠిన్యం తగ్గించే భాగం పనిచేయడానికి పోసేది ఇది. డిష్‌వాషర్ ట్యాబ్లెట్‌లోనే అన్నీ ఉంటాయి కదా అని ఉప్పు తొట్టి ఖాళీగా వదిలేసి, 70 డిగ్రీల ప్రోగ్రాం తిప్పాం. అలాంటి ట్యాబ్లెట్లు సాధారణంగా 21 జర్మన్ డిగ్రీల దాకానే నెట్టుకొస్తాయి. మన బోరు 29.5. నాలుగో ట్రిప్పుకల్లా స్టీలు, గాజు, ఇత్తడి అన్న తేడా లేకుండా అన్నిటి మీదా తెల్లటి పొర. కింద లోహం చెడిందా, పైన చవుడు పట్టిందా అన్నది కంటికి తెలియలేదు.

విడదీయడానికి దొరికిన ఉపాయం: అనుమానం ఉన్నచోట నాలుగు చుక్కల నిమ్మరసం వేసి రెండు నిమిషాలు వదిలి, గుడ్డతో తుడవాలి. తెలుపు పోయి మెరుపొస్తే చవుడు. మబ్బు అలాగే ఉంటే లోహమో గాజో తినేసినట్టు, అది ఇక రాదు. ఇక్కడి నుంచి ప్రతి ఐదు ట్రిప్పులకూ ప్రతి గిన్నె మీద రూపాయి బిళ్లంత చోట ఈ పరీక్ష పెట్టాం.

రెండోది కలగలుపు. అన్నీ ఒకే ట్రిప్పులో వేశాం. మొదటి రోజే పోత ఇనుము పెంక వదిలిన తుప్పు చెంచాల మీద గోధుమ చుక్కలై అంటుకుంది. సిల్వర్ బగోన ఆనుకున్న స్టీలు గిన్నె మీద పెన్సిలుతో గీసినట్టు నల్ల చారలు పడ్డాయి. స్టీలుకు తుప్పొచ్చిందని తెచ్చే ఫిర్యాదుల్లో పక్క గిన్నె నుంచో, కత్తి నుంచో, పెనం స్క్రూ నుంచో వలస వచ్చిన తుప్పు చాలానే ఉంటుంది.

ఈ దశలో రెండు ఔట్. వాటికి మళ్లీ పరీక్ష అక్కర్లేదు.

పెంక (5): ఒక్క ట్రిప్పు. పెంక మీది నలుపు మసి కాదు, కాగి కాగి గట్టిపడిన నూనె పొర. డిష్‌వాషర్ పౌడరు గాఢమైన క్షారం, పీహెచ్ 10 పైన ఉంటుంది. క్షారం, వేడినీళ్లు కలిస్తే ఆ నూనె సబ్బులాగా కరిగి పోతుంది. బూడిద రంగు ఇనుము బయటపడి, తలుపు తీసేలోపే నారింజ రంగు తిరిగింది. బాగుచేసిన తీరు:

1. స్టీలు పీచుతో తుప్పు పూర్తిగా గీకి, కడిగి, వెంటనే పొయ్యి మీద పెట్టి తడి ఆరబెట్టడం.
2. గోరువెచ్చగా ఉన్నప్పుడు అర చెంచా పల్లి నూనె రాసి, మళ్లీ పొడిగుడ్డతో అసలు రాయనట్టే తుడిచెయ్యడం. నూనె నిలిస్తే జిగురు కడుతుంది.
3. పొగ వచ్చి ఆగేదాకా కాల్చి, చల్లారనివ్వడం.
4. ఇదే నాలుగుసార్లు. మూడోసారికి నలుపు తిరిగింది, నాలుగోసారికి రొట్టె అంటుకోకుండా లేచింది.

ఇత్తడి గిన్నె (13): రెండు ట్రిప్పులు. బయట పసుపు పోయి ఎర్రటి గోధుమ మచ్చలు తేలాయి, లోపల కళాయి తెల్లగా మాడినట్టయింది. కళాయి అంటే పలుచటి తగరం పూత. అది అరిగిన గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కుతుంది. నవసాగరం, తగరంతో మళ్లీ కళాయి పెట్టించేదాకా దీన్ని వంటకు ముట్టొద్దు. కంచు, రాగి బోళ్లదీ ఇదే దారి కాబట్టి వాటిని లాట్‌లో పెట్టనే లేదు.

మొత్తం: ట్రిప్పులు 10. ట్యాబ్లెట్లు 10. ఉప్పు 0. ఔట్ 2, మిగిలినవి 12.

మధ్యలో మార్పులు

1. ఉప్పు తొట్టిలో 1.2 కిలోల డిష్‌వాషర్ ఉప్పు. వంట ఉప్పు వద్దు. అందులో గడ్డకట్టకుండా కలిపే పొడులు తొట్టిని పట్టేస్తాయి.
2. ఉప్పు పోశాక ఒక్క నిమిషం కూడా ఆగకుండా ట్రిప్పు నడపాలి. చుట్టూ ఒలికిన గింజలు స్టీలు అడుగు మీద రాత్రంతా ఉంటే గుంట పెడతాయి.
3. కాఠిన్యం సెట్టింగు పుస్తకంలోని పట్టిక చూసి 30కి మార్పు.
4. ట్యాబ్లెట్ బదులు పౌడరు, ట్రిప్పుకు 20 గ్రాములు. ట్యాబ్లెట్‌ను సగం చేసి వేయడం కుదరదు, పౌడరైతే మోతాదు మన చేతిలో ఉంటుంది.
5. సిల్వర్ సరుకు, స్టీలు సరుకు వేరువేరు ట్రిప్పుల్లో. రెండు రకాల లెక్కా వేరువేరుగా నడిపితే రోజులు ఎక్కువ పడతాయని, ఈ దశలో సిల్వర్ ట్రిప్పులే ముందు తిప్పాం. స్టీలు మధ్యమధ్య ఎక్కింది.

దశ 2: ట్రిప్పు 11 నుంచి 25 (సిల్వర్ సంగతి)

అల్యూమినియంను కాపాడేది దాని మీద ఉండే సన్నటి ఆక్సైడ్ పొర. ఆ పొర పులుపుకైనా క్షారానికైనా కరుగుతుంది, క్షారంలో మరీ తొందరగా. పొర పోగానే లోపలి లోహం నీళ్లతో కలబడి హైడ్రోజన్ బుడగలు వదులుతుంది. చూడాలంటే మెషిన్ కూడా అక్కర్లేదు. లోటా వేడినీళ్లలో చెంచాడు చాకలి సోడా కలిపి, పాత సిల్వర్ చెంచా ముంచితే దాని ఒంటినిండా సన్నటి బుడగలు, సోడా గ్లాసులో పుల్ల వేసినట్టు. పావుగంటకు చెంచా నల్లబడుతుంది.

బగోన (1) మెరుపు 11వ ట్రిప్పులోనే పోయింది. 14కు బూడిద రంగు, 17కు నలుపు. తెల్ల గుడ్డతో లోపల తుడిస్తే గుడ్డ మీద సీసం పెన్సిలు రుద్దినంత మరక. చింతపండు నీళ్లు పది నిమిషాలు కాగబెడితే నలుపు పోయి తెల్లబడింది, కానీ తర్వాతి ట్రిప్పుకే తిరిగొచ్చింది. అలా కడగడం, పులుపు పెట్టడం, కడగడం అంటే రెండు వైపుల నుంచీ లోహాన్ని అరగదీయడమే.

ఇక్కడ ఒక కొలత విఫలమైంది. ఎంత లోహం కరిగిందో చూద్దామని బగోనను ముందూ వెనకా తూచాం. 412 గ్రాములు, 412 గ్రాములే. కరిగింది గ్రాముకు లోపలన్నమాట, ఒక గ్రాము కాటాకు అది అందదు. బంగారం తూచే కాటా అయితే తెలిసేది. ఆ తర్వాత సిల్వర్‌కు తూకం మానేసి గుడ్డ మరకే గుర్తుగా పెట్టుకున్నాం.

ఇడ్లీ ప్లేట్లు (2) అంతకన్నా ముందే పోయాయి. పలుచటి రేకు, మీదినుంచి చిల్లులు. చిల్లుల అంచులు గరుకెక్కి ఇడ్లీ అడుగు చిరగడం మొదలైంది. ఈ ఒక్క వస్తువుకు సందేహం లేకుండా స్టీలు ప్లేట్లు కొనుక్కోవాలి. నూనె రాయడం మరవకపోతే ఇడ్లీ అలాగే లేస్తుంది.

హార్డ్ ఆనోడైజ్డ్ కడాయి (3) మీద ఆశ పెట్టుకున్నాం, పేరులోనే గట్టితనం ఉంది కదా. ఆనోడైజింగ్ అంటే అదే ఆక్సైడ్ పొరను కరెంటుతో మందంగా పెంచడం. గీతలకు అది నిజంగానే గట్టిది. క్షారానికి మాత్రం అదే ఆక్సైడ్, కాస్త ఆలస్యంగా కరుగుతుంది, అంతే. 19వ ట్రిప్పుకు నలుపు వెలిసి, నీళ్ల ధార నేరుగా తగిలే అడుగు వైపు సుద్ద రాసినట్టు తెల్లబడింది. నిమ్మరసానికి పోలేదు. ఔట్.

నాన్‌స్టిక్ పెనం (4) లోపలి నల్ల పూత 25వ ట్రిప్పుకూ బాగానే ఉంది. పోయింది మిగతాదంతా. పూత లేని అడుగు నల్లబడింది. రివెట్ల తలలు అల్యూమినియంవి, పొట్టు లేచాయి. భూతద్దంతో అంచు చూస్తే పూత కింద అల్యూమినియం తిని, పూత అంచు గాలికి లేచిన కాగితంలా ఉంది. గోరు తగిలిస్తే రెండు మిల్లీమీటర్ల పెళ్ల ఊడింది. పూత మధ్యలో అరగదు, అంచు నుంచి లేస్తుంది. ఈ మాట తర్వాత ట్రైప్లై దగ్గర కూడా పనికొచ్చింది.

మొత్తం: ట్రిప్పులు 25. పౌడరు 300 గ్రాములు. ఉప్పు 2 కిలోలు (25 లోపే మళ్లీ 800 గ్రాములు పోయాల్సొచ్చింది). ఔట్ 6, మిగిలినవి 8.

ఉప్పు ఈ తీరున తాగితే కష్టమని మెషిన్‌ను నల్లా నీళ్లకు మార్చాం. డాబా మీద 200 లీటర్ల డ్రమ్ము, 20 ట్రిప్పులకు సరి. మొదటి రోజు మెషిన్ కుళాయి గుర్తు చూపి ఆగిపోయింది. డ్రమ్ము మూతికీ మెషిన్ పైపుకూ ఎత్తు తేడా 3 మీటర్లు, అంటే నీళ్ల ఒత్తిడి 0.3 బార్. పుస్తకంలో అడిగింది 0.5. చిన్న ప్రెషర్ పంపు పెట్టాక నడిచింది. కాఠిన్యం సెట్టింగు 30 నుంచి 10కి దించడం మరవొద్దు. నీళ్లు మరీ మెత్తనైతే, అంటే కాఠిన్యం మరీ తగ్గితే, గాజును తినేస్తాయి, ఆ మబ్బు నిమ్మరసానికి పోయేది కాదు.

దశ 3: ట్రిప్పు 26 నుంచి 45 (స్టీలులో స్టీలు వేరు)

అంగట్లో అయస్కాంతం పెట్టి, అంటకపోతే మంచి స్టీలు అంటారు. అది సగం మాటే. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం, అయస్కాంతం అంటదు. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన 200 సిరీస్ చౌక స్టీలుకూ అంటదు. 430 రకం స్టీలుకు అంటుతుంది, దాన్ని ఇండక్షన్ కోసం అడుగున వాడతారు, అదేం చెడ్డ స్టీలు కాదు. మంచి 304 గిన్నెకు కూడా వంపు తిప్పినచోట కొంచెం లాగుతుంది. తేడా తేల్చేది పాత ఇనుప సామాను వాళ్ల దగ్గరుండే చుక్క మందు. బ్యాటరీ తగిలించి చుక్క వేస్తే మాంగనీస్ స్టీలు మీద చుక్క ఎర్రబడుతుంది. మన 6వ నంబరు ఎర్రబడింది, 7వది పడలేదు.

ఇప్పుడు ముద్ర కూడా ఉంది. 2024 మార్చి 14 నాటి కేంద్ర ఉత్తర్వుతో స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరైంది. స్టీలుకు ఐఎస్ 14756, అల్యూమినియంకు ఐఎస్ 1660, కుక్కర్లకు ఐఎస్ 2347. గిన్నె అడుగున ఈ అంకె వెతకాలి, పెట్టె మీద కాదు.

పలుచటి గిన్నె (6) 31వ ట్రిప్పు దాకా 304తో సమానంగానే ఉంది. ఆ రోజు గోంగూర పచ్చడి గిన్నెను అలాగే మెషిన్‌లో పెట్టి, లోడు నిండలేదని రెండు రాత్రులు ఆపాం. కడిగి తీస్తే అడుగున ఆవగింజంత కూడా లేని నాలుగు గోధుమ చుక్కలు. నిమ్మ ఉప్పు పేస్టుతో రుద్దాం. మూడు పోయాయి. నాలుగోదాని మీద గోరు నడిపితే గోరు కొస తట్టుకుంది.

ఆ గోరు పరీక్షే అసలు తేడా. రుద్దితే పోయి, గోరుకు నునుపుగా ఉంటే వలస తుప్పు. గోరు ఆగితే గుంట, స్టీలు లోపలికి తిన్నట్టు. గుంట ఇక పెరుగుతుందే గానీ పూడదు. పచ్చడి ఉప్పులోని క్లోరైడ్, పులుపు, తడి, కదలిక లేని చోటు, ఈ నాలుగూ కలిశాయి. పరీక్షగా 304 గిన్నెలో అదే పచ్చడి అన్నే రాత్రులు ఉంచాం. మచ్చ పడింది, గుంట పడలేదు. అట్లాగని 304కు క్లోరైడ్ తగలదని కాదు, ఓపిక ఎక్కువ, అంతే. చల్లనీళ్లలో రాళ్ల ఉప్పు వేసి కరగకుండా వదిలేస్తే 304 అడుగునా గుంట పడుతుంది. ఎసరు మరిగాకే ఉప్పు వేసే పాత అలవాటు స్టీలుకూ మంచిదే.

మార్చింది: లోడు ఆగేలా ఉంటే పచ్చడి, పులుసు గిన్నెలు తొలిచి పెట్టడం, లేదా చల్లనీళ్ల రిన్స్ ఒకటి కొట్టడం.

ఇంకో మాట. పెళ్లి కానుకల మీద పేర్లు కొట్టిస్తాం కదా, చౌక స్టీలులో మచ్చ మొదట ఆ అక్షరాల చుక్కల్లోనే కనబడింది. కొట్టినచోట స్టీలు ఒంటి పొర తెగి ఉంటుంది, చుక్క గుంతలో ఉప్పు దాక్కుంటుంది.

రాగి అడుగు గిన్నె (12) అడుగు నల్లటి గోధుమ రంగుకు తిరిగింది. వంటకు నష్టం లేదు, చింతపండుతో తోమితే మెరుస్తుంది, మళ్లీ పోతుంది. చూపు కోసం కొన్నవాళ్లు వేయొద్దు, వంట కోసం కొన్నవాళ్లు పట్టించుకోవద్దు.

304 గిన్నెల మీద కొన్నిసార్లు నెమలి కంఠం రంగులు తేలాయి. అది పాడవడం కాదు, వెనిగర్ గుడ్డకు పోతుంది.

మొత్తం: ట్రిప్పులు 45. పౌడరు 700 గ్రాములు. ఉప్పు 2.6 కిలోలు. ఔట్ 7, మిగిలినవి 7.

దశ 4: ట్రిప్పు 46 నుంచి 70 (అంచులు, అతుకులు, పిడులు)

మార్పులు రెండు. జిడ్డు కడాయిలున్న రోజు తప్ప 70 డిగ్రీలు మానేసి 50కి వచ్చాం, పిడుల కోసం. పౌడరు 20 నుంచి 15 గ్రాములకు దించాం. మెత్తని నీళ్లకు అంత అక్కర్లేదు, శుభ్రతలో తేడా కనబడలేదు.

ట్రైప్లై (8, 9). పైన కింద స్టీలు, నడుమ అల్యూమినియం. స్టీలు ఒంటి గిన్నె కదా, మెషిన్‌కు ఢోకా లేదనుకుంటాం. కోసిన అంచును వెలుతురుకు పెట్టి చూస్తే మూడు గీతలు కనబడతాయి, నడుమ గీత బయటికి తెరుచుకుని ఉంటుంది. క్షారం అక్కడి నుంచి దిగుతుంది. 46వ ట్రిప్పులో 8వ నంబరు అంచు మీద సూది మొన పెడితే నడుమ గీతలో ఆగింది. 55కు సూది దిగడం తెలిసింది. 70కి దిగిన మేర గుర్తు పెట్టి స్కేలు మీద కొలిస్తే అర మిల్లీమీటరుకు కొంచెం పైన. అటూ ఇటూ స్టీలు మాత్రం నిలబడి రెండు బ్లేడ్లయింది. దూది పింజను అంచు వెంట లాగితే పోగులు తెగి అక్కడే వేలాడాయి. పిల్లలు పట్టుకుంటే వేలు తెగేదే. 400 నంబరు నీటి ఎమెరీ కాగితంతో రెండు పెదవులూ రుద్ది మొద్దుబార్చి, చేతితో కడిగే వైపు పెట్టేశాం. వంటకు ఇంకా చక్కగా పనికొస్తుంది.

మూసిన అంచు ట్రైప్లై (9)కి సూది దిగలేదు, దూది పట్టలేదు. వండినదాంట్లో, కడిగినదాంట్లో తేడా ఏం లేదు. తేడా అంతా ఆ ఒక్క మిల్లీమీటరు అంచులో ఉంది.

చాయ గిన్నె (10). అడుగున అల్యూమినియం బిళ్ల, దాని మీద స్టీలు టోపీ. 60 దాకా నిక్షేపంగా ఉంది. 63న కడిగి, తుడిచి, పొయ్యి మీద పెట్టగానే అడుగు నుంచి సుయ్యిమని శబ్దం, వెనకే ఒక టప్పు. సిల్వర్ దగ్గర చేతకాని కాటా ఇక్కడ పనికొచ్చింది. కడిగి ఆరబెట్టిన గిన్నె 588 గ్రాములు. ఒక రోజంతా ఎండలో పెట్టాక 584. టోపీ అతుకు సందులోంచి 4 గ్రాముల నీళ్లు లోపల చేరాయి. అలాంటి గిన్నెను పెద్ద మంట మీద పెడితే ఆవిరికి దారి దొరక్క అడుగు ఎగిరే ప్రమాదముంది. అతుకు వేయించడం కుదరదు. పాతసామానుకే.

బోలుగా ఉండే స్టీలు పిడులకూ ఇదే తూకం పరీక్ష. వేలాడదీయడానికి పెట్టిన రంధ్రంలోంచి నీళ్లు చేరి, మరుసటి రోజు కూరలో కారుతాయి. కుక్కర్ మూత పిడిలో 6 గ్రాములు దొరికాయి.

కుక్కర్ (11): ఒళ్లు బాగుంది. నడిచిన పద్ధతి:

1. గాస్కెట్, విజిల్ తీసి చేతితో. గాస్కెట్ మెషిన్‌లో గట్టిపడి ఆవిరి పట్టదు.
2. మూత కూడా చేతితోనే. నీళ్ల ధార పప్పు పొట్టును ఆవిరి గొట్టంలోకి కొట్టి ఇరికిస్తుంది.
3. వండే ముందు గొట్టంలోంచి కిటికీ వైపు చూడాలి, వెలుతురు గుండ్రంగా కనబడాలి. కనబడకపోతే సూది.
4. 15 ట్రిప్పులకోసారి పిడి స్క్రూ బిగింపు. మెషిన్ వేడికి, చల్లదనానికి వదులవుతుంది.

బేకలైట్ పిడులు నలుపు పోయి బూడిద పట్టాయి. నూనె గుడ్డతో తుడిస్తే రంగు వస్తుంది గానీ, స్క్రూ రంధ్రం దగ్గర వెంట్రుక పగులు వస్తే పిడి మార్చెయ్యాలి. కట్టె పిడి గరిటెలు, చపాతీ కర్ర, రాతి చిప్పలు, మట్టి కుండలు ఎప్పుడూ వేయలేదు.

గాజు మూత (14): గాజుకు మబ్బు రాలేదు. స్టీలు పట్టీ కింద మాత్రం గోధుమ నీళ్లు నిలిచాయి. పట్టీ జాయింటు కిందికి వచ్చేలా నిలబెట్టాక తగ్గింది.

పేర్చడం దగ్గర ఒకే పట్టింపు: కడాయి బోర్లా, కొంచెం ఏటవాలుగా, కింది అరలో, తలుపు మూసేముందు ధార తిప్పే చెయ్యిని వేలితో ఒక చుట్టు తిప్పి చూడాలి. గంటె కాడ అడ్డొస్తే సగం బోళ్లు ఎండు మెతుకులతోనే బయటికొస్తాయి.

మొత్తం: ట్రిప్పులు 70. పౌడరు 1,075 గ్రాములు. ఉప్పు 3.3 కిలోలు. ఔట్ 9, మిగిలినవి 5: 304 గిన్నె, మూసిన అంచు ట్రైప్లై, కుక్కర్ ఒళ్లు, రాగి అడుగు గిన్నె, గాజు మూత.

ఔటైన వాటికి బదులు కొన్నప్పుడు

నల్లగొండ ప్రకాశం బజార్‌లో కొన్నా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర కొన్నా, జేబులో సూది, దూది, అయస్కాంతం ఉంటే చాలు. పెట్టె మీద డిష్‌వాషర్ గుర్తు ఉందన్నది చివర చూడాలి. ముందు అంచు: ట్రైప్లైలో మూడు గీతలు కనబడితే వద్దు. మామూలు స్టీలు గిన్నెలో అంచు చుట్ట తిప్పి ఉంటే, ఆ చుట్ట పూర్తిగా మూసుకుందా, సందు ఉందా చూడాలి. సందున్న చుట్టలో సబ్బునీళ్లు నిలిచి రోజూ కారుతాయి. తర్వాత అడుగు: బిళ్ల చుట్టూ తెల్లటి అల్యూమినియం గీత బయటికి కనబడొద్దు. తర్వాత రివెట్లు: స్టీలువా, సిల్వర్‌వా. పిడి బోలుదైతే రంధ్రం ఉందా. ఆ తర్వాతే తూకం, ధర.

ఈ లెక్కన కొన్నవి మూడు: స్టీలు ఇడ్లీ ప్లేట్లు, బిళ్ల లేని మందం 304 చాయ గిన్నె, మూసిన అంచు ట్రైప్లై కడాయి. తపాలచెక్కకు సిల్వర్ తపాలే ఉంచాం, పిండి ఒత్తి సన్నమంట మీద కాల్చడానికి దానికి సాటి దొరకలేదు. అది, పెంక, కోసిన అంచు కడాయి సింకు పక్క మేకుకు వేలాడుతున్నాయి, మెషిన్‌లో పడకుండా. 71వ ట్రిప్పు నుంచి కొత్తవి మూడూ లెక్కలోకి వచ్చాయి. మూసిన అంచుకు సూది పరీక్ష మళ్లీ 100వ ట్రిప్పున.